ప్రార్థన రాని రోజుల్లో విశ్వాసాన్ని నిలబెట్టుకోవడం ఎలా?

ఐసీయూ బయట వరసగా వేసిన ఇనుప కుర్చీల్లో కూర్చుని, రాత్రి రెండున్నరకి ఫోన్‌లో బైబిల్ తెరిచాను. అమ్మ లోపల వెంటిలేటర్ మీద ఉంది. 23వ కీర్తన, చిన్నప్పుడే నోటికి వచ్చినది. నాలుగు సార్లు చదివాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. సరే, ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే "ప్రభువా" దగ్గరే మాట ఆగిపోయింది. అమ్మ ఏమవుతుందోనన్న భయం ఒకటైతే, ఇన్నేళ్లూ నాకు విశ్వాసం ఉందనుకున్నది నిజమేనా అన్న భయం ఇంకొకటి.

ఇది చదువుతున్న మీకూ అలాంటి రాత్రి ఏదో వచ్చే ఉంటుంది. జబ్బు కావచ్చు, అప్పులు కావచ్చు, ఉద్యోగం పోయి ఉండొచ్చు, కాపురం చెడి ఉండొచ్చు. సమాధి చేసి ఇంటికొచ్చాక కనిపించే ఖాళీ మంచం కావచ్చు. కింద రాసినవాటిలో కొన్ని నేను చేసి చూసినవి, కొన్ని చేయక దెబ్బతిన్నాక తెలిసినవి. ఇదే వరసలో చేయాలని పట్టుదల ఏమీ లేదు. మొదటి రెండు మాత్రం ముందు చేయండి.

1. ముందు ఒంటి సంగతి చూడండి

కష్టం రాగానే చాలామంది చేసే పని ఉపవాసం మొదలుపెట్టి, రాత్రంతా మేలుకుని ప్రార్థించడం. తప్పని అనను. కానీ అప్పటికే నాలుగు రోజులుగా నిద్రలేని మనిషి అలా చేస్తే ఐదో రోజుకి దేవుడి మీద కాదు, కుర్చీ మీద కూడా నిలవలేడు.

1 రాజులు 19వ అధ్యాయం తెరవండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ఆ వెంటనే ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని "నా ప్రాణం తీసుకో" అని అడుగుతాడు. దేవుడు అప్పుడు అతనికి వాక్యోపదేశం చేయలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి లేపి తినమన్నాడు. తిని, నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ లేపి తినిపించాడు. "ఇక్కడ నీకేం పని?" అన్న ప్రశ్న వచ్చింది చాలా తర్వాత, హోరేబు కొండ దగ్గర.

కాబట్టి మొదటి పని: ఈ రాత్రి మీ బదులు కాసేపు కూర్చునే మనిషిని వెతికి, ఆరు గంటలు పడుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ ఆలోచనలు గట్టిగా వస్తుంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. ఇప్పుడే పక్కవాళ్లకి చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. మందులు వాడితే విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, పేరున్న ఇంగ్లీషు ప్రసంగీకుడు ఛార్లెస్ స్పర్జన్ సంగతి చెప్పండి. 1856 అక్టోబరులో లండన్‌లో ఆయన కూటంలో ఎవరో "మంటలు!" అని కేక పెట్టడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకి 22 ఏళ్లు. ఆ దెబ్బ ఆయన్ని చాలాకాలం వదల్లేదు, డిప్రెషన్ జీవితమంతా వచ్చి పోతూనే ఉంది. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. తన దగ్గర చదువుకునే కుర్ర పాస్టర్లకి దాని గురించే ఒక పాఠం చెప్పాడు.

2. మీ ఫిర్యాదును మీరే రాయండి

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

మనకి చిన్నప్పటి నుంచీ ప్రార్థన అంటే స్తోత్రంతో మొదలుపెట్టాలని అలవాటు. లోపల మండిపోతున్నప్పుడు ఆ స్తోత్రం నాలుక మీదే ఉండిపోతుంది. అప్పుడు రెండే దారులు కనిపిస్తాయి: లేని సంతోషం నటించడం, లేదా ప్రార్థన మానేయడం. బైబిల్‌లో మూడో దారి ఉంది. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఏడుపులూ మొరలే. వాటిని కూడా దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకున్నారు.

13వ కీర్తన తీసుకోండి. ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లో "ఎంతకాలం?" అన్న ప్రశ్న నాలుగు సార్లు వస్తుంది. నన్ను మరిచిపోయావా అని సూటిగా అడుగుతాడు. తర్వాత రెండు వచనాల్లో తనకి ఏం కావాలో చెబుతాడు. చివరి రెండింటిలో నీ కృప మీద నమ్మకం పెట్టుకున్నానంటాడు. అంటే ఫిర్యాదు, విన్నపం, నమ్మకం. మీరూ ఈ మూడు భాగాల్లోనే రాయండి.

ఒక మామూలు నోటుపుస్తకం తీసుకోండి. ఫోన్‌లో టైపు చేసినా ఫరవాలేదు గానీ, చేత్తో రాస్తే మనసు నెమ్మదిస్తుందని నా అనుభవం. మొదటి భాగంలో జరిగింది జరిగినట్టు రాయండి. "నా శ్రమలు" అని గుండుగుత్తగా కాదు. ఎన్నో రోజు, ఎవరు ఏమన్నారు, ఏది భయపెట్టింది, అన్నీ. రెండో భాగంలో ఏం కావాలో ఒక్కటే అడగండి. మూడో భాగంలో, నిజంగా అనగలిగినంతే అనండి. ఒక్క మాటే వస్తే ఒక్క మాటే.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది:

"ప్రభువా, ఇవాళ పదకొండో రోజు. డాక్టరు రేపు చూద్దాం అన్నాడు. నిన్న కూడా అదే అన్నాడు. నువ్వూ రేపు చూద్దాం అంటున్నట్టే ఉంది. నాకు నీ మీద కోపంగా ఉంది. అమ్మ తనంతట తాను ఊపిరి తీసుకోవాలి. అంతే. నిన్నే అడుగుతున్నాను, ఇంకెవరి దగ్గరికీ పోలేదు."

ఆ చివరి ముక్క రాశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది స్తోత్రం కాదు, సాక్ష్యం కాదు. కానీ విశ్వాసం అంటూ నాలో మిగిలింది ఆ వాక్యంలోనే ఉంది. కోపం వచ్చినా ఆయనతోనే చెప్పుకుంటున్నాను.

మూడో భాగం అసలు రాకపోతే? అప్పుడు 88వ కీర్తన చదవండి. అది చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది. ఓదార్పు వచనం ఒక్కటీ అతికించకుండా దాన్ని అలాగే బైబిల్‌లో ఉంచారు. మీ పేజీ కూడా అలాగే ముగియొచ్చు. రేపు ఇంకో పేజీ రాయండి.

ఇలా మాట్లాడితే దేవుడికి కోపం వస్తుందేమోనన్న భయం కొందరికి ఉంటుంది. యోహాను 11లో మార్త, మరియ ఇద్దరూ వేర్వేరుగా వచ్చి యేసుతో ఒకే మాట అంటారు: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు. ఆ మాటలో ఉన్న నిష్ఠూరం ఏ ఆడపిల్ల గొంతులోనైనా మనకి తెలిసిపోతుంది. ఆయన వాళ్లని గద్దించలేదు. ఏడ్చాడు.

3. వాక్యం తక్కువ చదవండి, చుట్టుపక్కల వచనాలతో కలిపి చదవండి

ఏడాదిలో బైబిల్ పూర్తిచేసే ప్లాన్ ఏదైనా పెట్టుకుని ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. వెనకబడ్డామన్న టెన్షన్ ఒకటి అదనంగా ఎందుకు? వారానికి ఒక కీర్తన చాలు. రోజూ అదే చదవండి, ఒకసారి పైకి చదవండి. మూడో రోజో నాలుగో రోజో ఒక మాట పట్టుకుంటుంది. ఆ మాటని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆ మాట ఎందుకు పట్టుకుందో విడమర్చి చూడాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. కష్టంలో ఉన్నప్పుడు ఫోన్‌కి వచనాలు వాన కురిసినట్టు కురుస్తాయి, పూల బొమ్మలతో సహా. పంపినవాళ్ల ప్రేమ తీసుకోండి. వచనాన్ని మాత్రం బైబిల్ తెరిచి, పైనా కిందా ఉన్నవాటితో కలిపి చదవండి. యిర్మీయా 29:11, మీకు సమాధానకరమైన ఉద్దేశాలే ఉన్నాయన్న మాట, బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకి రాసిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. ఇంకాస్త పైన, ఇళ్లు కట్టుకుని అక్కడే ఉండండి, తోటలు నాటుకోండి అని ఉంది. అంటే వచ్చే వారం అంతా సర్దుకుంటుందని చెప్పిన మాట కాదది. ఫిలిప్పీయులకు 4:13 కూడా అంతే. నన్ను బలపరచువానియందు సమస్తం చేయగలను అన్న పౌలు, దాని ముందు వచనంలో ఆకలితో ఉండటం కూడా నేర్చుకున్నానంటాడు. అదీ బంధకాల్లో ఉండి రాసిన పత్రిక. పరీక్షలో ఫస్ట్ రావడానికి వాడుకునే వచనం కాదనే నా అభిప్రాయం.

ఇలా చదివితే వచనం బలం తగ్గుతుందేమో అనుకుంటారు. నాకైతే పెరిగింది. 70 ఏళ్లు ఆగాల్సినవాళ్లకి కూడా ఆ మాట చెప్పాడంటే, పంతొమ్మిది రోజులు ఆగలేక కొట్టుకుంటున్న నాకూ అందులో చోటుంది.

4. "ఎందుకు?" అన్నదానికి ఇతరులు చెప్పే జవాబులు తీసుకోకండి

చూడటానికి వచ్చిన ఒకాయన కారిడార్‌లో నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంట్లో ఎవరికో దాచిపెట్టిన పాపం ఉండి ఉంటుంది, లేకపోతే మీ విశ్వాసమైనా చాలడం లేదు" అన్నాడు. ఆ రాత్రి నేను నా పాపాల జాబితా వేసుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాను. అందులో ఏ పాపానికి అమ్మకి శిక్ష పడిందా అని.

మీకు ఎవరైనా అలా అంటే ఈ మూడు చోట్లు చూడండి. యోహాను 9లో పుట్టుగుడ్డి గురించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడు గానీ వీడి తల్లిదండ్రులు గానీ కాదన్నాడు యేసు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి ఎత్తి, వాళ్లు మిగతావాళ్లకంటే పెద్ద అపరాధులనుకుంటున్నారా, కాదు అన్నాడు. ఇక యోబు స్నేహితులు. వాళ్లు చేసిన మంచి పని ఒక్కటే: ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు తెరవకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాక అంతా చెడగొట్టారు. చివరికి దేవుడు, నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అని వాళ్లమీదే కోపగించుకున్నాడు.

మీరు చేసిన తప్పు వల్లే వచ్చిన కష్టమైతే అది మీకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఒప్పుకోండి, సరిదిద్దుకోండి. తెలియని పాపం కోసం తవ్వుకోవద్దు.

ఈ చోటే ఇంకో రెండు హెచ్చరికలు. స్వస్థత కావాలంటే కానుక పంపమనేవాళ్లకి, మందులు ఆపేయమనేవాళ్లకి దూరంగా ఉండండి. అలాగే, మిమ్మల్ని కొట్టే మనిషితో ఉండటమే సిలువ మోయడం అని ఎవరైనా అంటే నమ్మకండి. దమస్కులో చంపాలని కాపు కాసినప్పుడు పౌలు బుట్టలో కూర్చుని గోడ మీదుగా దిగి తప్పించుకున్నాడు. కొరడాలతో కొట్టబోతే రోమా పౌరసత్వం చూపించి ఆపించాడు. తప్పించుకోగల దెబ్బను తప్పించుకోవడం అవిశ్వాసం కాదు.

5. ఒక మనిషిని పట్టుకోండి

పదిమంది అక్కర్లేదు. మీరు ఏడిస్తే కంగారుపడని మనిషి, విన్నది ప్రార్థన విన్నపం పేరుతో ఊరంతా చెప్పని మనిషి ఒకరు చాలు. వాక్యం బాగా తెలిసినవాళ్లే అయ్యుండాలని లేదు.

అడిగేటప్పుడు వివరంగా అడగండి. "మా కోసం ప్రార్థించండి" అంటే అందరూ సరే అంటారు, అక్కడితో అయిపోతుంది. "రేపు పది గంటలకి స్కాన్ ఉంది. ఆ టైముకి ఫోన్‌లో ఉంటారా? నేను మాట్లాడలేకపోతే మీరే ప్రార్థించండి, వింటాను" అనండి. మా అత్తయ్య వరసయ్యే ఒకావిడ నాకు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసేది. "ఏమ్మా, ఇవాళ నీ నోట ప్రార్థన వచ్చిందా?" అనేది. రాలేదంటే "సరేలే, నీ వంతు కూడా నేను చేశాలే" అనేది. రెండు నిమిషాలే ఆ ఫోను.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని నలుగురు మోసుకొచ్చి, పైకప్పు విప్పి కిందికి దింపుతారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని అక్కడ రాసి ఉంది. మంచం మీద ఉన్నవాడు ఏం నమ్మాడో, ఎంత నమ్మాడో చెప్పలేదు. అత్తయ్య ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చేది ఆ వచనమే.

6. అదే ప్రార్థన మళ్లీ చేయడానికి సిగ్గుపడకండి

గెత్సేమనేలో యేసు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి రాశాడు. పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడు సార్లు వేడుకున్నాడు. ఇద్దరూ అడిగింది జరగలేదు. యేసు తొలగించమన్న శ్రమల గిన్నె తొలగలేదు, పౌలు ముల్లు పోలేదు. పౌలుకి దొరికింది "నా కృప నీకు చాలు" అన్న మాట.

ఇది రాయడం తేలిక కాదు, చదవడమూ తేలిక కాదు. అమ్మ పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున వెళ్లిపోయింది. "కృప చాలు" అని నేను ఆ రోజు అనలేదు. అనమని మిమ్మల్నీ అడగను. చాలా నెలలకి, బట్టలు సర్దుతుంటే అమ్మ కళ్లద్దాల పెట్టె దొరికి కింద కూర్చుండిపోయిన రోజు, ఏడుస్తూ కూడా దేవుడితో మాట్లాడుతున్నానని గమనించాను. ఎప్పుడు మళ్లీ మొదలైందో తెలియదు.

దేవుడు దగ్గర లేనట్టు అనిపించడం, ఆయన నిజంగా లేకపోవడం ఒకటి కాదు. మదర్ థెరిసా ఉత్తరాలు ఆవిడ పోయిన పదేళ్లకి, 2007లో అచ్చయ్యాయి. దశాబ్దాల పాటు ప్రార్థనలో ఆవిడకి చీకటే తప్ప ఏమీ తెలియలేదని వాటిలో ఉంది. ఆ ఏళ్లన్నిటిలోనూ ఆవిడ తెల్లవారి లేచి ప్రార్థనకి వెళ్లింది, పనికి వెళ్లింది.

7. ఇంతవరకు జరిగింది రాసిపెట్టుకోండి

ఆ నోటుపుస్తకంలోనే వెనక పేజీల నుంచి ఇంకో లెక్క మొదలుపెట్టండి. ఇదివరకు దాటిన కష్టాలు, అందిన సాయం, తేదీతో సహా. సమూయేలు ఒక రాయి నిలబెట్టి ఎబెనెజరు అని పేరు పెట్టాడు, ఇంతవరకు యెహోవా సహాయం చేశాడని. "ఇంతవరకు" అన్న మాటే గమనించండి. రేపటి గురించి అందులో ఏమీ లేదు. కష్టం తీరాక రాద్దాంలే అనుకోకండి, చిన్నవి మరిచిపోతాం. లోపలికి పోనివ్వని వేళ నన్ను రెండు నిమిషాలు పంపిన నర్సు నా పుస్తకంలో ఉంది.

8. గుడికి మళ్లీ వెళ్లే మొదటి ఆదివారం

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలామంది ఇక్కడే జారిపోతారు. రెండు మూడు వారాలు వెళ్లకపోతే నాలుగో వారం వెళ్లడం కష్టం. అందరూ అడుగుతారన్న భయం, పాట మొదలవగానే ఏడుపొస్తుందన్న బెరుకు.

ఆ ఒక్క మనిషిని తోడు రమ్మనండి. కొంచెం ఆలస్యంగా వెళ్లి, తలుపు దగ్గర చివరి వరసలో కూర్చోండి. పాట పాడలేకపోతే పాడకండి. పక్కవాళ్లు పాడుతుంటే వినండి. ఎవరైనా పలకరిస్తే "ఇంకా తేరుకోలేదండి, ప్రార్థనలో పెట్టుకోండి" అనే ఒక్క మాట ముందే అనుకుని వెళ్లండి. ఆఖరి ప్రార్థనకి ముందే లేచి వచ్చేయాలనిపిస్తే వచ్చేయండి. వచ్చే వారం ఇంకో పది నిమిషాలు ఎక్కువ కూర్చోవచ్చు.

తోమాను అందరూ అవిశ్వాసి అనే అంటారు. మిగతా శిష్యులు ప్రభువును చూశామని చెప్పినప్పుడు, గాయాల్లో వేలు పెడితే తప్ప నమ్మనని తెగేసి చెప్పాడు. అయితే యోహాను 20:26 చదవండి. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్లతోపాటు అదే ఇంట్లో ఉన్నాడు. నమ్మకుండానే, నమ్మినవాళ్ల మధ్యే. యేసు వచ్చింది ఆ గదిలోకే.